సిమెంటు పోసినవాళ్లు, సంతకాలు పట్టినవాళ్లు

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో, విలమెట్ నదికి తూర్పు గట్టున, బర్న్‌సైడ్ వంతెన కింద కొన్ని కాంక్రీటు గుంతలున్నాయి. లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణపు గట్టున, క్వీన్ ఎలిజబెత్ హాల్ అనే సంగీత మందిరం కింద ఒక కాంక్రీటు చావడి ఉంది. మొదటిది బర్న్‌సైడ్ స్కేట్‌పార్కు. రెండోది సౌత్‌బ్యాంక్ అండర్‌క్రాఫ్ట్. స్కేట్‌బోర్డు వేసుకు తిరిగే పిల్లలకు నగరంలో కాస్త చోటు కావాలని ఎక్కడ ఎవరు అడిగినా, మాటల్లో ఈ రెండు పేర్లలో ఒకటి దొర్లుతుంది. బర్న్‌సైడ్ పేరు ఎత్తేవాళ్లు సౌత్‌బ్యాంక్‌ను కొంచెం చులకన చేస్తారు: కాగితాల పోరాటమట, చెమట లేదట. సౌత్‌బ్యాంక్ పేరు ఎత్తేవాళ్లు బర్న్‌సైడ్‌ను చూసి పెదవి విరుస్తారు: మొరటుతనమట, చరిత్ర లేదట. నాకు రెండూ ఇష్టమే. ఈ తగవులో తీర్పరిగా కూచునే ఉద్దేశం లేదు కానీ, రెండు పక్షాలూ ఎదుటివాళ్ల గురించి చెప్పేదాంట్లో సగమే నిజమని మాత్రం అనుకుంటున్నాను.

ముందు చుట్టరికం చెప్పుకుందాం. ఈ రెండింటినీ పుట్టించింది వాన. పోర్ట్‌లాండ్‌లో శరత్తు మొదలుకొని వసంతం దాకా ముసురు పట్టే ఉంటుంది. లండన్ వాన సంగతి చెప్పనక్కర్లేదు. స్కేట్‌బోర్డు అంటే ఏడు పొరల మేపుల్ చెక్క, నాలుగు చక్రాలు, ఎనిమిది బేరింగులు. తడిస్తే చెక్క పొరలు విడతాయి, బేరింగులు తుప్పు పడతాయి, చక్రం జారుతుంది. కాబట్టి ఆ రెండు ఊళ్లలోనూ కుర్రాళ్లు నేల కంటే ముందు పైకప్పు వెతుక్కున్నారు. పోర్ట్‌లాండ్ వాళ్లకు 1926లో తెరిచిన వంతెన దొరికింది. లండన్ వాళ్లకు 1967లో తెరిచిన సంగీత మందిరం దొరికింది. వంతెన కట్టిన ఇంజనీరు కార్ల గురించి ఆలోచించాడు, మందిరం కట్టిన వాస్తుశిల్పులు వయొలిన్ల గురించి ఆలోచించారు. తమ కట్టడం అడుగున ఏం జరుగుతుందో వాళ్లలో ఎవరికీ పట్టలేదు. అలా పట్టించుకోని జాగాల్లోనే ఈ రెండు కథలూ మొదలయ్యాయి.

1990 అక్టోబరు 31, హాలోవీన్ నాడు, పోర్ట్‌లాండ్ స్కేటర్లు కొందరు వంతెన కిందికి సిమెంటు తెచ్చి, అక్కడున్న గోడ మొదట్లో వాలుగా పోశారు. ఎవరినీ అడగలేదు. ప్లాను లేదు, అనుమతి లేదు, పద్దు లేదు. అప్పటికి ఆ చోటు గిడ్డంగుల మధ్య చీకటి సందు, మత్తుమందుల బేరాలకూ కారు అద్దాలు పగలగొట్టే దొంగలకూ ఆటపట్టు. మొదటి వాలు ఆరాక దాని పక్కన ఇంకోటి, దానికి ఎదురుగా మరోటి పోశారు. నచ్చనిదాన్ని పగలగొట్టి మళ్లీ పోశారు. తాపీ పని రానివాళ్లు తాపీ పట్టుకొని, బోర్డు మీద ఎక్కి చూసి, చక్రం ఎక్కడ తడబడుతోందో కనిపెట్టి, అక్కడ మళ్లీ నునుపు చేశారు. మేస్త్రీ, ఇంటి యజమాని ఒకరే అయితే పని ఎలా నడుస్తుందో బర్న్‌సైడ్ అలా నడిచింది.

ఈ పద్ధతిని తెలుగు పాఠకుడికి వివరించాల్సిన పని లేదు. ముందు గుడిసె, తర్వాత కరెంటు మీటరు, ఆ తర్వాత ఇంటి పన్ను రసీదు, ఎన్నికల ముందో వెనకో క్రమబద్ధీకరణ జీవో, చివరికి చేతిలో పట్టా. మన నగరాల్లో సగం పేటల పుట్టుక ఇదే. బర్న్‌సైడ్ పుట్టుకా అదే. చుట్టుపక్కల వ్యాపారులు చూశారు: కుర్రాళ్లు వచ్చాక దొంగతనాలు తగ్గాయి, చెత్త తగ్గింది, ఆ సందులో మనుషుల అలికిడి పెరిగింది. వాళ్లు నగరపాలక సంస్థకు మంచిమాట చెప్పారు. పాలక మండలి ఆ కట్టడాన్ని కూల్చకుండా ఒప్పుకుంది. డబ్బు మాత్రం ఇవ్వలేదు, కుర్రాళ్లూ అడగలేదు. కబ్జాకూ దీనికీ తేడా ఏమిటని అడిగేవాళ్లుంటారు. తేడా ఉంది. అక్కడ కంచె లేదు, తలుపు లేదు, అద్దె లేదు.

సౌత్‌బ్యాంక్ కుర్రాళ్లు ఇంత కష్టపడలేదు, ఎందుకంటే వాళ్లకు కాంక్రీటు పోసే పెట్టారు. మందిరం అడుగున వాస్తుశిల్పులు ఏటవాలు గట్లు, పొట్టి మెట్లు, లావాటి స్తంభాలు వదిలేశారు. ఫలానా పనికని చెప్పలేదు. పాదచారులు తిరుగుతారని అనుకున్నట్టుంది, కానీ పాదచారులు నదివైపు నడిచారు. 1973 ప్రాంతంలో బోర్డులు వచ్చాయి. అప్పటినుంచి పోలేదు. తరం వెనక తరం వచ్చింది, బోర్డుల పక్కనే బీఎంఎక్స్ సైకిళ్లు వచ్చాయి, గోడల మీద రంగులు పడ్డాయి. పోర్ట్‌లాండ్ వాళ్లు చోటును తయారు చేసుకోగా, లండన్ వాళ్లు చోటుకు అలవాటు పడ్డారు. అలాగే, పోర్ట్‌లాండ్ వాళ్లను మున్సిపాలిటీ చూసీ చూడనట్టు వదిలేయగా, లండన్ వాళ్లను మందిరం యాజమాన్యం కూడా చాలాకాలం చూసీ చూడనట్టే వదిలేసింది. ఆ వదిలేయడంలో ఒక ప్రమాదం ఉంది. 2004, 2005 ప్రాంతంలో తాత్కాలికమని చెప్పి అండర్‌క్రాఫ్ట్‌లో పెద్ద భాగాన్ని మూసేశారు. చాలా ఏళ్లు మళ్లీ తెరవలేదు. చేతిలో కాగితం లేనివాడు ఎవర్ని అడుగుతాడు?

ఇప్పుడు రూపం సంగతి. విమర్శకుడిగా నాకు ఇక్కడే ఎక్కువ సేపు ఉండాలనిపిస్తుంది.

బర్న్‌సైడ్‌లో చదునైన నేల తక్కువ. అంతా వంపులే. ఒక వాలు దిగిన ఊపుతో ఎదుటి వాలు ఎక్కాలి, దాని అంచు మీద ట్రక్కులనే చక్రాల ఇరుసులు గీరుకుంటూ పోయి, పక్క గుంతలోకి దూకి, మధ్యలో వంతెన స్తంభాన్ని తప్పించుకొని, మళ్లీ మొదటికి రావాలి. కాలు నేలకు ఆనించి నెట్టడమంటే అక్కడ చిన్నతనం. మోకాళ్లు వంచి లేపి పుట్టించుకున్న వేగంతోనే తిరగాలి. ఒక్కో భాగం ఒక్కో ఏడాది పోసింది కాబట్టి అతుకులు కనిపిస్తాయి, వంపుల కొలతలు ఒకదానితో ఒకటి కలవవు. ఆ పొసగనితనమే అక్కడి అందం. రోజూ వచ్చేవాడికి ఏ అతుకు దగ్గర బరువు ఎటు వెయ్యాలో ఒంటికి తెలుసు. కొత్తవాడికి తెలియదు, పడతాడు.

సౌత్‌బ్యాంక్‌లో ఇందుకు భిన్నంగా, నేల చదును, గట్ల వాలు తక్కువ. మహా వేగం సాధ్యం కాదు. అక్కడి విద్య వీధి విద్య: బోర్డును పాదంతో పైకి లేపి, గాలిలో తిప్పి, మెట్ల మీదుగా దాటించి, నేల మీద నిలవడం. వాస్తుశిల్పి ఇచ్చిన గట్టునూ స్తంభాన్నీ మెట్టునూ మార్చే వీలు లేదు. ఇచ్చినదాంట్లోనే కొత్తది తీయాలి. అవధానంలో సమస్యాపూరణం ఇలాంటిదే కదా. పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు, అది ఎంత వంకరగా ఉన్నా అవధాని మిగతా మూడు పాదాలు కూర్చి దానికి అర్థం తేవాలి. దశాబ్దాలుగా ఎందరో అదే గట్టు మీద పూరణలు చేస్తూ వచ్చారు, ఒకరు చేసింది తర్వాతివాడు మార్చి చేశాడు. బర్న్‌సైడ్ వాళ్లయితే సమస్య ఇచ్చేవాడి కోసం ఆగలేదు. ఛందస్సునే తయారు చేసుకున్నారు. రెండిట్లో ఏది గొప్ప అంటే చెప్పలేను. బర్న్‌సైడ్‌లో స్వేచ్ఛ పోసేటప్పుడు ఉంటుంది, ఆరాక ఆ కాంక్రీటు చాలా నియంత అవుతుంది. సౌత్‌బ్యాంక్‌లో మొదట్నుంచీ అన్నీ కట్టుబాట్లే, అందుకే అక్కడ చూపు చురుకు. లండన్ ఆచార్యుడు ఇయన్ బోర్డెన్ 2001లో స్కేట్‌బోర్డింగ్ మీదా నగరం మీదా రాసిన పుస్తకంలో, స్కేటర్లు వాస్తుశిల్పాన్ని ఒంటితో విమర్శిస్తారని వాదించాడు. ఆ వాదం సౌత్‌బ్యాంక్‌కు అతికినట్టు సరిపోతుంది. బర్న్‌సైడ్‌కు సగమే సరిపోతుంది, అక్కడ విమర్శకుడూ రచయితా ఒకడే కాబట్టి.

2013 మార్చిలో మందిరం యాజమాన్యమైన సౌత్‌బ్యాంక్ సెంటర్ తన కొత్త ప్రణాళిక ప్రకటించింది. పేరు ఫెస్టివల్ వింగ్, ఖర్చు 12 కోట్ల పౌండ్లు. అండర్‌క్రాఫ్ట్‌లో దుకాణాలు, భోజనశాలలు వస్తాయి, వాటి అద్దెతో కళా కార్యక్రమాలు నడుస్తాయి. స్కేటర్లకు హంగర్‌ఫర్డ్ వంతెన కింద, అక్కడికి దగ్గర్లోనే, కొత్త చోటు కట్టిస్తామన్నారు. యాజమాన్యం వాదన తీసిపారేసేది కాదు. టికెట్ లేని ఉత్సవాలు, పిల్లల కళా తరగతులు గాలిలోంచి రావు, వాటికి డబ్బు కావాలి. సౌత్‌బ్యాంక్ పక్షం వాళ్లు ఈ మాట ఒప్పుకోరు. నేను ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక కూడా, తప్పు ఎక్కడుందో కనిపిస్తుంది: చోటు అంటే చదరపు అడుగులే అనుకున్నారు. అన్ని అడుగులూ పక్కన కొలిచి ఇస్తే లెక్క సరిపోతుందనుకున్నారు.

స్కేటర్లు లాంగ్ లివ్ సౌత్‌బ్యాంక్ అనే సంఘం పెట్టి, అండర్‌క్రాఫ్ట్‌లోనే ఒక బల్ల వేసి కూచున్నారు. వచ్చేపోయే పర్యాటకులు, పక్క వంతెన కింద పాత పుస్తకాలు కొనుక్కునేవాళ్లు, ఆఫీసుల నుంచి ఇంటికి పోయేవాళ్లు, అందరినీ ఆపి సంతకాలు అడిగారు. లక్షన్నర మందికి పైగా మద్దతుదారులయ్యారు. స్థానిక లాంబెత్ కౌన్సిల్‌కు ఆ ప్రణాళిక మీద 27 వేలకు పైగా అభ్యంతర పత్రాలు వెళ్లాయి. బ్రిటన్ ప్రణాళికల చరిత్రలో ఇన్ని అభ్యంతరాలు మరి దేనికీ రాలేదని వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. 2013లోనే కౌన్సిల్ అండర్‌క్రాఫ్ట్‌ను సముదాయానికి విలువైన ఆస్తిగా జాబితాలో చేర్చింది. ఇంకొక తమాషా కూడా చేశారు. ఇంగ్లండు చట్టంలో ఒక బయలును ఊరివాళ్లు 20 ఏళ్లు అడ్డు లేకుండా ఆటపాటలకు వాడుకుంటే దాన్ని ఊరుమ్మడి పచ్చిక బయలుగా నమోదు చేయించుకోవచ్చు. గడ్డిపోచ మొలవని ఈ కాంక్రీటు చావడిని పచ్చిక బయలుగా గుర్తించండని స్కేటర్లు అర్జీ పెట్టారు. మన చట్టంలో ప్రతికూల స్వాధీనానికి ప్రైవేటు భూమి మీద 12 ఏళ్లు, సర్కారు భూమి మీద 30 ఏళ్లు అని లెక్క ఉంది కదా, దానికి దూరపు చుట్టం ఇది. పైకి హాస్యంగా ఉన్నా వకీలు తెలివి అది. 2014 జనవరిలో అప్పటి లండన్ మేయర్ బోరిస్ జాన్సన్ స్కేటర్ల పక్షం మాట్లాడాడు. ప్రణాళిక ఆగిపోయింది. సెప్టెంబరులో రెండు పక్షాలూ ఒప్పందం రాసుకొని, కోర్టు వ్యవహారాలు ఉపసంహరించుకున్నాయి. అండర్‌క్రాఫ్ట్ స్కేటర్లకే ఉంటుందని కాగితం మీద పడింది.

పోర్ట్‌లాండ్ వాళ్లు ఇలాంటి బల్ల వేయలేదు, చీపురు పట్టుకున్నారు. ఆ చీపురే వాళ్ల అర్జీ. 1990లో అర్జీ పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. 1970లలో అమెరికాలో టికెట్ పెట్టి నడిపిన స్కేట్‌పార్కులు చాలా ఉండేవి. గాయపడినవాళ్లు దావాలు వేయడంతో బీమా ఖర్చు భరించలేక 1980ల మొదట్లో చాలావరకు మూతపడ్డాయి. ఆ భయంతో మున్సిపాలిటీలు ఆ ఊసే ఎత్తలేదు. కాలిఫోర్నియా చట్టం మార్చి, స్కేట్‌బోర్డింగును ఆడేవాడు తెలిసి తలకెత్తుకునే ప్రమాదంగా వర్గీకరించి, నగరాల మీద బాధ్యత తగ్గించింది 1998లో. అటు తర్వాతే అక్కడ ఊరూరా ప్రభుత్వ స్కేట్‌పార్కులు లేచాయి. అంటే బర్న్‌సైడ్ కుర్రాళ్లు అనుమతి అడగకపోవడాన్ని ఒట్టి దుడుకుతనం అనడానికి వీల్లేదు. ఇవ్వగల స్థితిలో ఉన్నవాడు ఎవడూ లేడు.

నా లెక్కలో అసలు తేడా స్వభావాలది కాదు, నేల విలువది. బర్న్‌సైడ్ వంతెన కింది జాగా 1990లో ఎవరికీ అక్కర్లేనిది. సౌత్‌బ్యాంక్ నదీతీరం 2013లో అందరికీ కావలసినది. అక్కర్లేని నేల మీద చెమటే హక్కు తెచ్చింది. అందరూ కోరే నేల మీద చెమట సరిపోదు, సంతకం కావాలి, వకీలు కావాలి, మేయరు నోట ఒక మాట కావాలి. ఒకవేళ లండన్ కుర్రాళ్లు నది ఒడ్డున రాత్రికి రాత్రి సిమెంటు పోసి ఉంటే, తెల్లారేసరికి పోలీసులు వచ్చేవాళ్లు. అలాగే, పోర్ట్‌లాండ్ కుర్రాళ్లు ఆ చీకటి సందు కోసం బల్ల వేసి సంతకాలు అడిగి ఉంటే, ఆగి వినడానికి అటు వచ్చేవాడే లేడు.

పండగల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. బర్న్‌సైడ్‌కు పుట్టినరోజు ఉంది, అది హాలోవీన్. ప్రతి ఏడూ ఆ రాత్రి వేషాలు, మంటలు, గోల, ఎగురుళ్లు. అది ఊరివాళ్లు తమకోసం చేసుకునే జాతర, బయటివాడు వస్తే రావచ్చు. సౌత్‌బ్యాంక్‌కు పుట్టినరోజు లేదు, ఎవరు ఏ రోజు మొదట బోర్డు వేశారో ఎవరికి తెలుసు? అక్కడ రోజూ సంత లాంటి సందడే. కట్టకు ఇవతల నిలబడి ఐస్‌క్రీము తింటూ చూసే జనం, చరవాణులతో వీడియోలు తీసేవాళ్లు, కింద పడినా చప్పట్లు కొట్టేవాళ్లు. ప్రేక్షకులు ఉండడం ఉద్యమానికి బలమైంది: ఆ లక్షన్నర మందిలో చాలామంది జన్మలో బోర్డు ఎక్కి ఉండరు. జూన్ 21న ప్రపంచమంతా జరుపుకునే స్కేట్‌బోర్డింగ్ దినం ఈ రెంటికీ ఉమ్మడి. దాన్ని 2004లో స్కేట్‌బోర్డు కంపెనీల సంఘం మొదలుపెట్టింది, కనుక అందులో వ్యాపారపు వాసన కొంత ఉంది. అయినా ఊళ్లలో స్కేట్‌పార్కు అడిగేవాళ్లకు ఆ రోజు పనికొస్తుంది. వీధిలో వందమంది కనిపిస్తే కౌన్సిలరు లెక్క వేసుకుంటాడు.

రెండింటి మీదా ఒక ఫిర్యాదు ఉంది, దాచడం న్యాయం కాదు. బర్న్‌సైడ్ కొత్తవాళ్లను ఆదరించదు. వంతు తెలియనివాడి మీద అరుస్తారు, దారికి అడ్డం వస్తే గుద్దుకుంటారు. మేం పోసింది, మేం ఊడ్చేది అనే మాటలో హక్కు ఎంత ఉందో గర్వం అంత ఉంది. బోర్డు పట్టిన ఆడపిల్లకో పదేళ్ల పిల్లాడికో అది సులువైన చోటు కాదు. సౌత్‌బ్యాంక్ మెత్తనిది. అక్కడ మూలగా ఒక గట్టు మీద నేర్చుకునేవాడికి చోటు దొరుకుతుంది. అయితే ఆ మెత్తదనం వెనక ఇంకో ముల్లు ఉంది: పరాయి యజమాని ఇంటి అరుగు అది, ఎంత కాగితం రాసుకున్నా.

సంతానం విషయానికొస్తే బర్న్‌సైడ్ వంశం పెద్దది. అక్కడ తాపీ నేర్చుకున్న మార్క్ స్కాట్ డ్రీమ్‌ల్యాండ్ అనే నిర్మాణ సంస్థ పెట్టాడు. ఆ సంస్థ కట్టిన ఒరెగాన్ రాష్ట్రపు న్యూబర్గ్ పార్కును చూడడానికి దూరాల నుంచి వస్తారు. సియాటిల్‌లో గ్రైండ్‌లైన్ పెట్టిన మార్క్ హబ్బర్డ్ కూడా ఆ వంతెన కింది సిమెంటులో చెయ్యి తడుపుకున్నవాడే. అక్రమ కట్టడం మేస్త్రీలు సక్రమ టెండర్లు వేసే స్థాయికి వచ్చారు. 2005లో పోర్ట్‌లాండ్ పార్కుల శాఖే నగరమంతటా 19 స్కేట్‌పార్కుల ప్రణాళిక వేసింది. అన్నీ కట్టలేదు, అది వేరే సంగతి. 1999లో వచ్చిన టోనీ హాక్ వీడియో గేములో బర్న్‌సైడ్ ఒక అంకం. గస్ వాన్ శాంట్ 2007లో తీసిన పారనాయిడ్ పార్క్ సినిమాలో అది దాదాపు ఒక పాత్ర. సౌత్‌బ్యాంక్ సంతానం అంత కంటికి కనిపించదు. అది పద్ధతి రూపంలో పాకింది: పాత వీడియోలు, ఫొటోలు దాచి సాక్ష్యంగా పెట్టడం, చట్టంలో ఏ సెక్షను మనకు పనికొస్తుందో వెతకడం, ఆడనివాళ్ల చేత మాట్లాడించడం.

సంతకం ప్రతిసారీ గెలవదు. ఫిలడెల్ఫియాలోని లవ్ పార్కులో స్కేటింగును నగరం నిషేధిస్తే, ఆ చౌకు ఆలోచన తనదైన నగర ప్రణాళికాకారుడు ఎడ్మండ్ బేకన్, 2002లో, 92 ఏళ్ల వయసులో, మనుషులు పట్టుకోగా అక్కడే బోర్డు ఎక్కి నిరసన తెలిపాడు. ఒక బూట్ల కంపెనీ నగరానికి పది లక్షల డాలర్లు ఇస్తామంది. నగరం వినలేదు. 2016లో ఆ చౌకును తవ్వి వేరేగా కట్టారు.

మన దగ్గర మూడో దారి ఒకటి ఎక్కువ: దాత దయ. మధ్యప్రదేశ్ పన్నా జిల్లా జన్వార్ గ్రామంలో 2015లో జర్మన్ మహిళ ఉల్రికే రైన్‌హార్డ్ చొరవతో స్కేట్‌పార్కు వచ్చింది. అక్కడ స్కేటర్లు లేకముందే కాంక్రీటు వచ్చింది, పిల్లలు తర్వాత స్కేటర్లయ్యారు. బడికి పోకపోతే బోర్డు లేదు, ఆడపిల్లలకే మొదటి వంతు అని రెండు నియమాలు పెట్టారు. ఆ ఊరి ఆదివాసీ అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీ దాకా వెళ్లింది. ఫలితం గొప్పది, కాదనను. రాజస్థాన్ నేపథ్యంగా 2021లో వచ్చిన స్కేటర్ గర్ల్ సినిమాలో పార్కుకు భూమి ఇచ్చేది మహారాణి. ఆ పాత్ర వేసింది మన రోజులు మారాయి సినిమాలో ఏరువాక పాటకు ఆడిన వహీదా రెహ్మాన్. ఆ పాత్ర తలుపు తడితే చాలు, భూమి దొరుకుతుంది. బర్న్‌సైడ్‌కు మహారాణి లేదు, సౌత్‌బ్యాంక్‌కు మహారాణి పేరు పైకప్పు మీదే ఉన్నా ఆమె భూమి రాసివ్వలేదు.

చివరికి ఈ రెండూ ఒకదాని దారిలోకి ఒకటి వచ్చాయి. భూకంపాన్ని తట్టుకునేలా బర్న్‌సైడ్ వంతెనను మళ్లీ కట్టాలని మల్ట్‌నోమా కౌంటీ నిర్ణయించినప్పుడు, కింద ఉన్న పార్కు ఉంటుందా పోతుందా అన్న ప్రశ్న లేచింది. పక్కన అప్పటికే అపార్టుమెంటు గోపురం లేచింది, ఆ నేల ఇక అక్కర్లేని నేల కాదు. పార్కును నిలిపే దారి ఎంచుకోవడానికి ప్రజాభిప్రాయ పత్రాలూ పటాలూ కావలసి వచ్చాయి. సిమెంటువాళ్లకు కాగితం పనిపడింది. సౌత్‌బ్యాంక్‌లో దీనికి తలకిందులు. 2014 ఒప్పందం కాగితం చేతికి వచ్చాక, మూసేసిన పాత భాగాన్ని తిరిగి తెరవాలని 2017లో 7,90,000 పౌండ్ల లక్ష్యంతో చందాలు మొదలుపెట్టారు. ఒకప్పటి వైరిపక్షం సౌత్‌బ్యాంక్ సెంటర్ ఈసారి భాగస్వామి. 2019 జూలైలో ఆ గోడలు తొలగి, పాత గట్లు మళ్లీ చక్రాల కిందికి వచ్చాయి. కాగితంవాళ్లకు కాంక్రీటు పనిపడింది.

మన హైదరాబాదు ఇందిరా పార్కులోనూ విశాఖ శివాజీ పార్కులోనూ స్కేటింగ్ రింకులు చాలాకాలంగా ఉన్నాయి, కానీ అవి చక్రాల బూట్లవి, కోచ్ ఈల మీద నడిచేవి. బోర్డు పిల్లలు ఇంకా అపార్టుమెంటు సెల్లార్లలో వాచ్‌మన్ చేత తిట్లు తింటున్నారు. ఫ్లైఓవర్ల కింది జాగాలేమో పార్కింగుకో, కంచె వేసిన మొక్కలకో పోతున్నాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఎవరైనా స్కేట్‌పార్కు కోసం అర్జీ రాయదలిస్తే ఒక విన్నపం. విదేశీ పార్కుల రంగుల ఫొటోలు అంటించకండి. ఫలానా ఫ్లైఓవర్, ఫలానా పిల్లర్ల మధ్య అని చోటు రాయండి, ఆ చోట ఇప్పటికే ఎందరు ఆడుతున్నారో రాయండి, రోజూ ఊడ్చేదెవరో పేర్లు రాయండి. ఆ తర్వాత బల్ల వేసి సంతకాలకు కూచోండి. హిల్స్‌బరో ఇంటెల్‌లో పని చేస్తూ పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు, లండన్‌లో ఉన్న మనవాళ్లు ఈ రెండు చోట్లకూ ఒక ఆదివారం వెళ్లి చూడవచ్చు. టికెట్ లేదు. బర్న్‌సైడ్‌లో మాత్రం అంచుకు దూరంగా నిలబడండి.